పాత పీఎస్‌పీని టీవీకి పెడితే మెనూ వస్తోంది, ఆట రావట్లేదు

బ్రాడీపేట బాబాయ్ | గుంటూరు | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా అక్కయ్య వాళ్ళబ్బాయి అమెరికాలో చదివేటప్పుడు కొనుక్కున్న పీఎస్‌పీ (సోనీ వాళ్ళ చేత్తో పట్టుకుని ఆడే గేమ్) ఒకటి మా బీరువాలో పడి ఉంది. సెలవులకి పిల్లలంతా మా ఇంట్లో దిగారు. అది బయటికి రాగానే యుద్ధం మొదలైంది. ఒకడు ఆడుతుంటే మిగతావాళ్ళు వాడి భుజాల మీద పడి చూడటమే. టీవీకి పెడితే అందరూ కూర్చుని చూస్తారు కదా అని, బెజవాడ పని మీద వెళ్ళినప్పుడు గవర్నర్‌పేటలో దానికి సరిపోయే ఏవీ కేబుల్ తెచ్చాను. ఒక చివర పీఎస్‌పీకి పట్టే పిన్ను, రెండో చివర పసుపు, ఎరుపు, తెలుపు.

మా టీవీ కొత్తది. వెనక ఆ మూడు రంగుల సాకెట్లు లేవు. టీవీ డబ్బాలో ఇచ్చిన ముక్క వైరు ఉంది, ఒక పక్క హెడ్‌ఫోన్ పిన్నులాంటిది, రెండో పక్క మూడు సాకెట్లు. దాని ద్వారా కలిపాను. వింత ఏంటంటే పీఎస్‌పీ మెనూ టీవీలో చక్కగా వస్తోంది. ఫోటోలు కనిపిస్తున్నాయి, పాటలు వినిపిస్తున్నాయి. ఆట పెట్టగానే మాత్రం టీవీలో ఏమీ ఉండట్లేదు, బొమ్మ చేతిలో ఉన్న తెర మీదికి వెళ్ళిపోతోంది. కేబుల్‌దా లోపం, టీవీదా, పీఎస్‌పీకే వయసైపోయిందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

షార్ట్‌కట్ శీను | విజయవాడ | శనివారం రాత్రి 9:20

డూప్లికేట్ కేబుల్ అంటగట్టి ఉంటారు సార్. ఇప్పుడు టీవీలన్నీ హెచ్‌డీఎంఐ. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా దొరుకుతుంది ఆన్‌లైన్‌లో. అది కొని పడెయ్యండి, పని అయిపోతుంది.

బ్రాడీపేట బాబాయ్ | గుంటూరు | శనివారం రాత్రి 9:31

డూప్లికేట్ అయితే మెనూ మాత్రం ఎలా వస్తోందండీ? అదే నాకు అర్థం కావట్లేదు. కొనడానికి అభ్యంతరం లేదు. కొన్నాక ఇదే కథ అయితే మా ఆవిడ ముందు తల ఎత్తుకోలేను.

కేబుల్ కిట్టు | విజయవాడ | శనివారం రాత్రి 10:05

బాబాయ్ గారూ, ఆ కన్వర్టర్ డబ్బా ఇప్పుడే కొనకండి. ముందు ఒక మాట చెప్పండి, మీ పీఎస్‌పీ మోడల్ నంబరు ఎంత? వెనక స్టిక్కర్ మీద పీఎస్‌పీ అని రాసి పక్కన నాలుగంకెలు ఉంటాయి. ఆఖరి అంకె ఏ దేశానికి అమ్మిందో చెబుతుంది, దాన్ని పట్టించుకోకండి. మొదటి అంకె ముఖ్యం.

1తో మొదలైతే అది 2004, 2005 నాటి లావు మోడల్. దానికి టీవీకి పంపే దారే లేదు, ఏ కేబులూ పట్టదు. మీకు కేబుల్ పట్టింది, మెనూ కూడా వచ్చింది కాబట్టి అది కాదు.

2తో మొదలైతే 2007లో వచ్చిన పలచటి మోడల్. 3 అయితే 2008ది. ఈ రెండూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. 3000కి తెర కింద మైక్ కోసం సన్నటి రంధ్రం ఉంటుంది. 2000కి ఉండదు. టీవీ విషయంలో మాత్రం రెండిటికీ చాలా తేడా ఉంది. మీ దాంట్లో రంధ్రం ఉందో లేదో చూసి చెప్పండి.

బెంజ్ సర్కిల్ బుల్లోడు | విజయవాడ | శనివారం రాత్రి 10:18

ఈ రోజుల్లో పీఎస్‌పీ ఏంటి బాబాయ్, మ్యూజియంలో పెట్టండి 😄 సరే, నాకూ కిట్టు అన్న ఏం చెబుతాడో వినాలని ఉంది.

బ్రాడీపేట బాబాయ్ | గుంటూరు | శనివారం రాత్రి 10:40

కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ లైటు వేసి చూశాను. 2001 అని ఉంది. మైక్ రంధ్రం లేదు.

కేబుల్ కిట్టు | విజయవాడ | శనివారం రాత్రి 10:58

అయితే మీ కేబుల్ బాగానే ఉంది, టీవీ బాగానే ఉంది, పీఎస్‌పీ కూడా బాగానే ఉంది. 2000 మోడల్‌ని తయారు చేసిందే అలా.

పసుపు వైరు వెళ్ళేది కాంపోజిట్ సిగ్నల్. బొమ్మ మొత్తం ఒకే వైరులో కూరి పంపే పాత పద్ధతి. 2000 మోడల్ ఆ వైరులో మెనూ, ఫోటోలు, వీడియోలు పంపుతుంది. ఆటలు మాత్రం పంపదు. ఆటలు పంపాలంటే దానికి కాంపొనెంట్ కేబుల్ కావాలి, అంటే ఆకుపచ్చ, నీలం, ఎరుపు బొమ్మకి, ఇంకో ఎరుపు, తెలుపు సౌండ్‌కి, మొత్తం ఐదు పిన్నులు. పైగా టీవీ ప్రోగ్రెసివ్ సిగ్నల్ (బొమ్మలోని గీతలన్నీ ఒకేసారి వచ్చేది) తీసుకోగలగాలి, దాన్నే 480పీ అంటారు. పాత డబ్బా టీవీలు చాలావరకు తీసుకోవు. ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ టీవీలకి కాంపొనెంట్ సాకెట్లు ఉంటే ఆ ఇబ్బంది లేదు.

3000 వచ్చేసరికి ఈ అడ్డు తీసేశారు. అందులో పసుపు వైరుతో కూడా ఆటలు వస్తాయి. సెట్టింగ్స్‌లో టీవీ అవుట్‌పుట్ దగ్గర ఇంటర్‌లేస్ (గీతలు వంతులవారీగా పంపే పద్ధతి) ఎంచుకుంటే చాలు. అందుకే ఇంటర్నెట్‌లో ఒకడు "నాకు వచ్చింది" అంటాడు, ఇంకొకడు "రాదు" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, మోడల్ మాత్రం ఎవరూ చెప్పరు.

శీను గారు చెప్పిన డబ్బా ఎందుకు వద్దన్నానంటే, అది వచ్చిన సిగ్నల్‌ని మారుస్తుంది అంతే. పసుపు వైరులోకి ఆట రానే రావట్లేదు. ఫిల్టర్‌లో పొడి వెయ్యకుండా వేడినీళ్ళు పోస్తే డికాషన్ దిగుతుందా?

షార్ట్‌కట్ శీను | విజయవాడ | శనివారం రాత్రి 11:04

ఆ విషయం తెలిస్తే నేనెందుకు చెబుతాను గురువుగారూ. మామూలుగా అయితే నా డబ్బా పనిచేస్తుంది 😅

కేబుల్ కిట్టు | విజయవాడ | శనివారం రాత్రి 11:10

పనిచేస్తుంది, కాదనట్లేదు. పాత టీవీ గేములకి, డీవీడీ ప్లేయర్‌కి శుభ్రంగా పనిచేస్తుంది. ఒక్కటే జాగ్రత్త, అచ్చం అలాంటి డబ్బాయే హెచ్‌డీఎంఐని ఏవీకి మార్చేది కూడా ఉంటుంది. రెండిటికీ అవే మూడు రంగుల సాకెట్లు, అదే సైజు. మా దగ్గరికి రిపేర్‌కని వచ్చేవాటిలో చాలావరకు తిరగబడిన డబ్బాలే. ఇన్‌పుట్ ఎటు, అవుట్‌పుట్ ఎటు అని రాసి ఉంటుంది, కొనే ముందు అది చదవాలి. దానికి కరెంటు కూడా ఇవ్వాలి, టీవీ వెనక యూఎస్‌బీలో పెడితే సరిపోతుంది.

లక్ష్మీపురం లలిత | గుంటూరు | ఆదివారం ఉదయం 7:45

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాదీ ఇలాంటి గొడవే. మా బాబుకి తిరునాళ్ళలో కొన్న ఎర్రటి చేతి గేమ్ ఉంది, నాలుగొందల ఆటలు అని రాసి ఉంటుంది చూడండి, అది. దాంతో టీవీ వైరు కూడా ఇచ్చారు. మా అమ్మ వాళ్ళ ఊళ్ళో డబ్బా టీవీకి పెడితే బ్రహ్మాండంగా ఆడింది. ఇక్కడ మా ఫ్లాట్‌లో కొత్త టీవీకి పెడితే బొమ్మ లేదు, స్పీకర్లో "బుర్ర్‌ర్" అని ఒకటే మోత. మా వారు టీవీ కాలిపోతుందని పీకేశారు.

కేబుల్ కిట్టు | విజయవాడ | ఆదివారం ఉదయం 9:30

లలిత గారూ, టీవీ కాలదు. ఆ మోతే మీకు జవాబు. బొమ్మ సిగ్నల్ వెళ్ళి సౌండ్ లైనులో పడుతోంది. అందుకే బొమ్మ వినిపిస్తోంది, కనిపించట్లేదు.

కొత్త టీవీలకి వెనక హెడ్‌ఫోన్ సైజు రంధ్రం ఒక్కటే ఇచ్చి ఏవీ అని రాస్తారు. దాంట్లో పెట్టే పిన్ను మీద నల్ల గీతలు మూడు, మధ్యలో నాలుగు భాగాలు ఉంటాయి. ఏ భాగం బొమ్మది, ఏ భాగం సౌండ్‌ది, ఏది ఎర్త్ అన్నది అందరూ ఒకే వరసలో పెట్టలేదు. ఒక వరస టీవీకి ఇంకో వరస వైరు పెడితే ఇలాగే అవుతుంది. టీవీతో పాటు వచ్చిన ముక్క వైరే వాడండి. బయట కొన్నది అయితే పసుపు పిన్నుని పసుపులో కాకుండా ఎరుపు సాకెట్‌లో, తెలుపులో పెట్టి చూడండి. ఎక్కడో ఒకచోట బొమ్మ పడుతుంది.

ఇంకోటి, మీ గేమ్ చివర ఉన్న పిన్ను కూడా హెడ్‌ఫోన్ సైజే కదా అని దాన్ని నేరుగా టీవీ ఏవీ రంధ్రంలో పెడదామనిపిస్తుంది. అది కూడా వరస కలిస్తేనే.

లక్ష్మీపురం లలిత | గుంటూరు | ఆదివారం ఉదయం 11:15

ఎరుపులో పెడితే వచ్చిందండీ! కానీ నలుపు తెలుపులో వస్తోంది. మా బాబు "పాత సినిమాలా ఉంది" అంటున్నాడు.

పాత ఆటల పిచ్చోడు | విజయవాడ | ఆదివారం ఉదయం 11:40

రంగు రాకపోతే టీవీ మెనూలో కలర్ సిస్టమ్ అని ఉంటుంది, అక్కడికి వెళ్ళండి. మన దేశంలో పాత అనలాగ్ టీవీ ప్రసారాలు పీఏఎల్ పద్ధతిలో ఉండేవి. అమెరికా, జపాన్‌లవి ఎన్‌టీఎస్‌సీ. మీ బాబు డబ్బా ఎన్‌టీఎస్‌సీలో పంపుతూ, టీవీ పీఏఎల్ మీద బిగుసుకుని ఉంటే రంగు పోయి నలుపు తెలుపు వస్తుంది. ఆటో పెట్టండి, దానికీ లొంగకపోతే ఎన్‌టీఎస్‌సీ ఎంచుకోండి. ఈ ఆప్షన్ ఏవీలో ఉన్నప్పుడే కనిపిస్తుంది, వేరే ఇన్‌పుట్‌లో ఉండి వెతికితే దొరకదు.

ఇది పాత టీవీల్లోనూ ఉన్న జబ్బే. ఇంకో రకం కూడా ఉంది: కొన్ని ఎల్‌ఈడీలకి ఆకుపచ్చ సాకెట్టే పసుపుకి కూడా వాడతారు. అక్కడ పసుపు వైరు పెట్టి ఇన్‌పుట్ కాంపొనెంట్ ఎంచుకుంటే కూడా నలుపు తెలుపే. అప్పుడు ఇన్‌పుట్ ఏవీకి మార్చాలి.

లక్ష్మీపురం లలిత | గుంటూరు | ఆదివారం మధ్యాహ్నం 12:02

వచ్చేసింది! రంగులు వచ్చేశాయి. మీ ఇద్దరికీ చాలా థాంక్సండీ. ఇక మా వాడు హోంవర్క్ చెయ్యడు, అది వేరే సమస్య.

కేబుల్ కిట్టు | విజయవాడ | ఆదివారం మధ్యాహ్నం 12:10

దాని బ్యాటరీ పాడైతే కంగారు పడకండి, సాధారణంగా అందులో ఉండేది పాత నోకియా ఫోన్ల బీఎల్-5సీ సైజుదే. ఏ మొబైల్ షాపులో అయినా దొరుకుతుంది. మూత తీసి పేరు చూసుకుని తీసుకోండి.

కృష్ణలంక కుర్రాడు | విజయవాడ | ఆదివారం మధ్యాహ్నం 2:25

అన్నలూ, నా దగ్గర స్విచ్ లైట్ ఉంది, నింటెండో వాళ్ళ చేతి గేమ్. ఫ్రెండ్ దగ్గర మామూలు స్విచ్‌ని టీవీకి కలిపే డాక్ ఉంది. అడిగి తెచ్చుకుని పెడితే టీవీలో వస్తుందా? లేకపోతే టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ కొననా?

బెంజ్ సర్కిల్ బుల్లోడు | విజయవాడ | ఆదివారం మధ్యాహ్నం 2:31

రాదు తమ్ముడూ. స్విచ్ లైట్‌కి (2019) టీవీకి పంపే ఏర్పాటే లేదు. కింద ఉన్న టైప్-సీ ఛార్జింగ్‌కే. డాక్ పెట్టినా, కేబుల్ పెట్టినా, వెంకన్న మొక్కు పెట్టినా రాదు. డబ్బులు దాచుకుని మామూలు స్విచ్ తీసుకో.

కృష్ణలంక కుర్రాడు | విజయవాడ | ఆదివారం మధ్యాహ్నం 2:40

అదేంటన్నా, రెండిటికీ ఒకటే పోర్టు కదా. చూడ్డానికి ఒకేలా ఉంది.

కేబుల్ కిట్టు | విజయవాడ | ఆదివారం మధ్యాహ్నం 3:15

టైప్-సీ అనేది రంధ్రం ఆకారం పేరు మాత్రమే. లోపల ఏం పోతుందన్నది ఆ పరికరం చేసినవాళ్ళు నిర్ణయిస్తారు. కొన్నిట్లో కరెంటు ఒక్కటే పోతుంది. కొన్నిట్లో కరెంటుతో పాటు డేటా పోతుంది. కొన్నిట్లో డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్ కూడా పోతుంది, దాన్నే డీపీ ఆల్ట్ మోడ్ అంటారు. టీవీకి బొమ్మ రావాలంటే ఈ మూడోది ఉండాలి. ఫోన్లలోనూ ఇదే తంతు.

కేబుల్‌లో కూడా తేడా ఉంది. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే టైప్-సీ కేబుల్ మామూలుగా యూఎస్‌బీ 2.0 రకం. దాంట్లో బొమ్మ పోయే తీగలే ఉండవు. పరికరానికి అన్నీ ఉన్నా ఆ వైరుతో హబ్ (టైప్-సీ నుంచి హెచ్‌డీఎంఐ తీసే డబ్బా) కలిపితే బొమ్మ రాదు.

బెంజ్ సర్కిల్ బుల్లోడు | విజయవాడ | ఆదివారం మధ్యాహ్నం 3:34

కిట్టు అన్న చెప్పినదానికి నా అనుభవం కలుపుతా. నా దగ్గర మామూలు స్విచ్, రోగ్ ఆలీ (విండోస్‌తో నడిచే చేతి గేమ్) రెండూ ఉన్నాయి. స్విచ్ కథ వేరే. దానికి డీపీ ఆల్ట్ మోడ్ ఉన్నా సరే, టీవీ మోడ్‌లోకి రావాలంటే 15 వోల్టుల కరెంటు కావాలి. దాని సొంత అడాప్టర్ మీద 15 వోల్టులు, 2.6 ఆంపియర్లు అని ఉంటుంది. ఫోన్ ఛార్జర్ చాలావాటికి 15 వోల్టులు ఉండవు, 5 లేదా 9 ఇస్తాయి. దాంతో ఛార్జ్ అవుతుంది, టీవీలో బొమ్మ రాదు. మనోళ్ళు "హబ్ పోయింది" అని హబ్‌ని తిడతారు. 45 వాట్లో, 65 వాట్లో టైప్-సీ ఛార్జర్ మీద చిన్న అక్షరాల్లో 15 వోల్టుల వరస ఉందేమో చూడండి.

కంపెనీ డాక్ అయితే ముందు కరెంటు అడాప్టర్ డాక్‌కి పెట్టాలి, తర్వాత హెచ్‌డీఎంఐ, ఆఖర్న స్విచ్. ఈ వరసలో పెడితే చాలా గొడవలు తీరిపోతాయి. బయటి దేశం నుంచి తెప్పించుకున్న అడాప్టర్ అయినా 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకుంటుంది, ప్లగ్ మార్చే చిన్న ముక్క చాలు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు.

చౌక డాక్‌ల జోలికి మాత్రం వెళ్ళకండి. 2018లో స్విచ్‌కి 5.0 అప్‌డేట్ వచ్చినప్పుడు వేరే కంపెనీల డాక్‌లు వాడినవాళ్ళలో కొందరి స్విచ్‌లు బిగుసుకుపోయాయి. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2కి పాత డాక్ అస్సలు పనిచెయ్యదు, దాని డాక్ దానికే.

షార్ట్‌కట్ శీను | విజయవాడ | ఆదివారం సాయంత్రం 4:05

ఇంత గొడవెందుకు? ఆండ్రాయిడ్ టీవీ బాక్స్‌లో ఎమ్యులేటర్ (పాత గేమ్ పరికరంలా పనిచేసే సాఫ్ట్‌వేర్) వేసుకుని, బ్లూటూత్ కంట్రోలర్ పెట్టుకుంటే పీఎస్‌పీ ఆటలన్నీ నేరుగా టీవీలోనే. ఆటలు ఎక్కడ దొరుకుతాయో కావాలంటే లింకు పెడతా.

నిర్వాహకుడు | ఆదివారం సాయంత్రం 4:20

శీను గారూ, లింకులు వద్దు. ఎమ్యులేటర్ గురించి మాట్లాడుకోవచ్చు, ఆటల ఫైళ్ళు ఎక్కడ దించుకోవాలన్నది ఇక్కడ కుదరదు. లింకు పెడితే తీసేస్తాను.

పాత ఆటల పిచ్చోడు | విజయవాడ | ఆదివారం సాయంత్రం 5:10

ఎమ్యులేటర్ సుఖమే, కాదనను. కానీ చేతిలో ఉన్న పరికరాన్ని టీవీకి పెట్టాలన్న కోరిక ఎప్పటినుంచో ఉందండీ. నింటెండో వాళ్ళు 1994లో సూపర్ గేమ్ బాయ్ అని ఒక క్యాసెట్ తెచ్చారు. గేమ్ బాయ్ క్యాసెట్‌ని దాంట్లో పెట్టి, దాన్ని టీవీకి పెట్టే సూపర్ నింటెండోలో దూర్చాలి. 2003లో వాళ్ళ ఇంకో టీవీ గేమ్ గేమ్‌క్యూబ్ అడుగున తగిలించే గేమ్ బాయ్ ప్లేయర్ వచ్చింది. ఈ రెండిట్లోనూ చేతి పరికరం టీవీకి వెళ్ళదు, క్యాసెట్ వెళుతుంది. సెగా వాళ్ళు మాత్రం 1995లోనే నోమాడ్ అని చేతి గేముకే ఏవీ అవుట్ పెట్టారు. బ్యాటరీలు తెగ మింగేది, పాపం అది నిలవలేదు.

మోగల్రాజపురంలో మా ఇంటి అటక మీద వాటిల్లో ఏదీ లేదు లెండి, ఉంటే ఈపాటికి ఫోటో పెట్టేవాణ్ణి.

బ్రాడీపేట బాబాయ్ | గుంటూరు | సోమవారం రాత్రి 8:50

కిట్టు గారూ, మీరు చెప్పినట్టు కాంపొనెంట్ కేబుల్ దొరికింది. మా కొత్త టీవీకి ఆ సాకెట్లు లేవు. కానీ మా నాన్నగారి గదిలో పాత ఎల్‌సీడీ ఉంది, వెనక చూస్తే ఆకుపచ్చ, నీలం, ఎరుపు ఉన్నాయి! నాన్నగారిని ఒప్పించి, వార్తల టైము అయ్యాక పిల్లలు పెట్టారు.

ఆట వచ్చింది. కానీ మనుషులందరూ ఆకుపచ్చగా ఉన్నారు. స్పీకర్లో మీరు లలిత గారికి చెప్పిన ఆ మోత కూడా. ఇదేం రోగం?

కేబుల్ కిట్టు | విజయవాడ | సోమవారం రాత్రి 9:03

రెండు ఎరుపు పిన్నులు తారుమారయ్యాయి. కాంపొనెంట్ కేబుల్‌లో ఎరుపు ఒకటి బొమ్మది, ఒకటి సౌండ్‌ది. బొమ్మ ఎరుపు సౌండ్ సాకెట్‌లోకి వెళ్ళింది కాబట్టి మోత, బొమ్మలో ఎరుపు లేదు కాబట్టి ఆకుపచ్చ మనుషులు. కేబుల్ చివరి దగ్గర చూడండి, ఆకుపచ్చ, నీలం, ఎరుపు మూడూ ఒక గుత్తిగా, తెలుపు, ఎరుపు ఇంకో గుత్తిగా చీలి ఉంటాయి. గుత్తి చూసి పెట్టండి.

బ్రాడీపేట బాబాయ్ | గుంటూరు | సోమవారం రాత్రి 9:26

కుదిరింది! మనుషులు మనుషుల రంగులోకి వచ్చారు. నాన్నగారు కూడా కుర్చీ లాక్కుని చూస్తున్నారు.

ఒక్క సందేహం. బొమ్మ టీవీ నిండా రావట్లేదు. చుట్టూ నల్లగా వదిలేసి మధ్యలో కిటికీలా వస్తోంది. మెనూ మాత్రం నిండా వస్తోంది.

కేబుల్ కిట్టు | విజయవాడ | సోమవారం రాత్రి 9:44

అది కూడా లోపం కాదు. పీఎస్‌పీ తెర 480 బై 272 చుక్కలు. టీవీకి పంపేది 720 బై 480. ఆటని సాగదియ్యకుండా ఉన్న చుక్కలు ఉన్నట్టే మధ్యలో పెట్టి పంపుతుంది, మిగతాది నలుపు. టీవీ రిమోట్‌లో జూమ్ నొక్కండి, ఒకటి రెండు రకాలు ఉంటాయి, బొమ్మ కోసుకుపోకుండా నిండేది ఎంచుకోండి. కొన్ని టీవీలు కాంపొనెంట్‌లో జూమ్ ఇవ్వవు, అలాంటప్పుడు కిటికీతోనే సరిపెట్టుకోవాలి. కొత్త టీవీలోనే కావాలంటే కాంపొనెంట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బా వేరే ఉంది. శీను గారు చెప్పింది కాదు, ఐదు సాకెట్లది.

టీవీకి, పీఎస్‌పీకి మధ్య మారాలంటే ప్రతిసారీ మెనూలోకి వెళ్ళక్కర్లేదు. తెర వెలుతురు మార్చే బటన్ ఉంటుంది కదా, దాన్ని ఐదు సెకన్ల పైన నొక్కి పట్టుకోండి.

బ్రాడీపేట బాబాయ్ | గుంటూరు | సోమవారం రాత్రి 10:12

జూమ్ పనిచేసింది. కానీ టీవీలో పెట్టాక కూడా ఆడేది ఒక్కడే అని ఇప్పుడు తెలిసింది. చుట్టూ చేరినవాళ్ళు భుజాల మీంచి కాకుండా మంచం మీంచి కొట్టుకుంటున్నారు.

బెంజ్ సర్కిల్ బుల్లోడు | విజయవాడ | సోమవారం రాత్రి 10:20

😂😂 బాబాయ్ రాక్స్. ఇద్దరు ముగ్గురు ఆడాలంటే ఇంకో కంట్రోలర్ పట్టే పరికరం కావాలి బాబాయ్. స్విచ్ అయితే దాని రెండు పక్కలా ఉండే కంట్రోలర్లు, జాయ్‌కాన్లు, రెండు విడదీసి ఇద్దరికి చెరొకటి ఇవ్వొచ్చు.

గుణదల గేమర్ | విజయవాడ | మంగళవారం ఉదయం 8:15

బుల్లోడు అన్నా, నీ దగ్గర రోగ్ ఆలీ ఉందన్నావుగా. నాది స్టీమ్ డెక్, అదీ అలాంటి చేతి గేమే. హబ్ బాగానే ఉంది, 4కే టీవీలో బొమ్మ వస్తోంది, కానీ మసక మసగ్గా ఉంది. ఇంకోటి, బటన్ నొక్కాక కాస్త ఆలస్యంగా దూకుతున్నాడు. చేతిలో ఆడితే ఆ ఆలస్యం లేదు.

బెంజ్ సర్కిల్ బుల్లోడు | విజయవాడ | మంగళవారం ఉదయం 9:02

రెండు వేర్వేరు విషయాలు.

మసక: డెక్ సొంత తెర 1280 బై 800. టీవీకి పెట్టినా ఆట చాలాసార్లు ఆ సైజులోనే నడిచి, దాన్నే సాగదీసి పంపుతుంది. ఆట పేరు దగ్గర ప్రాపర్టీస్‌లో గేమ్ రిజల్యూషన్ అని ఉంటుంది. అక్కడ 1920 బై 1080 పెట్టి, తర్వాత ఆట లోపలి సెట్టింగ్స్‌లో కూడా అదే ఎంచుకో. 4కే పెట్టకు, డెక్ మొయ్యలేదు. 1080పీ వెళ్తే మిగతాది టీవీ చూసుకుంటుంది. నా ఆలీలో విండోస్ కాబట్టి నాకు వేరే తంటా: డిస్‌ప్లేల దగ్గర రెండో తెర మాత్రమే అని పెడితేనే సరిగ్గా వస్తుంది.

ఆలస్యం: అది డెక్ పని కాదు, టీవీ పని. టీవీ ప్రతి బొమ్మనీ పట్టుకుని పౌడరు రాసి పంపుతుంది. రిమోట్‌లో పిక్చర్ మోడ్‌ని గేమ్‌కి మార్చు. మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నున్నగా చేసేది) లాంటివి ఏవైనా ఉంటే ఆపెయ్యి. కొత్త టీవీలు కొన్ని గేమ్ పరికరం పెట్టగానే ఆ మోడ్‌లోకి వాటంతటవే వెళ్తాయి. పాతవాటికి మనమే చెప్పాలి.

పాత ఆటల పిచ్చోడు | విజయవాడ | మంగళవారం ఉదయం 9:40

కన్వర్టర్ డబ్బాలు కూడా కొంచెం ఆలస్యం కలుపుతాయి బుల్లోడూ. దానికి పైన టీవీ ఆలస్యం. పజిల్ ఆటల్లో తెలియదు, పరుగెత్తి దూకే ఆటల్లో తెలిసిపోతుంది. అందుకే నేను అటక మీది డబ్బా టీవీని ఇంకా పారెయ్యలేదు. పాత గేమ్‌ని పసుపు వైరుతో నేరుగా దానికి పెడితే నొక్కడమే ఆలస్యం, దూకడమే.

బెంజ్ సర్కిల్ బుల్లోడు | విజయవాడ | మంగళవారం ఉదయం 9:48

సరే తాతగారూ 🙏 ఆ డబ్బా మోసుకెళ్ళడానికి ఇద్దరు మనుషులు కావాలి. నేను గేమ్ మోడ్‌తో సర్దుకుంటా. కంటికి తేడా తెలిసేంత నేను ఆడలేను కూడా.

గుణదల గేమర్ | విజయవాడ | మంగళవారం మధ్యాహ్నం 1:30

గేమ్ రిజల్యూషన్ మార్చగానే అద్దంలా అయింది. గేమ్ మోడ్ పెట్టాక దూకుడు కూడా సరిపోయింది. థాంక్స్ బ్రో. ఒకటే, టీవీ కింద కప్‌బోర్డులో పెడితే ఫ్యాన్ విమానంలా మోగుతోంది.

కేబుల్ కిట్టు | విజయవాడ | మంగళవారం రాత్రి 9:15

దాన్ని కప్‌బోర్డులోంచి బయటికి తియ్యండి. స్టీమ్ డెక్ అయినా, స్విచ్ అయినా చుట్టూ గాలి 35 డిగ్రీల లోపు ఉండాలని తయారీదారులే చెబుతారు. మే నెలలో బెజవాడలో బయటే 40 దాటుతుంది, మూసిన కప్‌బోర్డు లోపల ఇంకెంత ఉంటుందో ఊహించుకోండి. పైగా టీవీకి పెట్టినప్పుడు అది ఛార్జింగ్‌లో ఉంటూ ఆడుతుంది, వేడి రెండు వైపులా. గాలి పోయే జాలీలు మూసుకోకుండా, టీవీ వెనక్కి నెట్టకుండా ముందు పెట్టుకోండి. ఏసీ ఉన్న గదిలో అయితే మరీ మంచిది.

కృష్ణలంక కుర్రాడు | విజయవాడ | మంగళవారం రాత్రి 9:30

కిట్టు అన్నా, ఒక్కటి చివరగా. స్విచ్ లైట్ అమ్మేసి అన్‌బెర్నిక్ వాళ్ళ ఆర్‌జీ 35 ఎక్స్‌ఎక్స్ అనే చేతి గేమ్ తీసుకుందామనుకుంటున్నా. దానికి హెచ్‌డీఎంఐ ఉందంటున్నారు. నిజమేనా?

కేబుల్ కిట్టు | విజయవాడ | మంగళవారం రాత్రి 9:41

ఉంది, కానీ టీవీ వెనక ఉండే పెద్ద హెచ్‌డీఎంఐ కాదు, మినీ హెచ్‌డీఎంఐ. ఒక చివర మినీ, ఒక చివర మామూలు ఉన్న కేబుల్ అడుగు. షాపువాడు మైక్రో ఇచ్చినా మినీ అనుకుని తెచ్చుకుంటారు, పరికరం చేత్తో పట్టుకెళ్ళి పెట్టి చూసి కొను. కన్వర్టర్లు, రంగు పిన్నులు ఏమీ అక్కర్లేదు. లైట్‌లో ఆడే స్విచ్ ఆటలు మాత్రం దాంట్లో ఆడవు, అది పాత ఆటలకే. ఆ సంగతి అనుకునే అమ్ము.

కృష్ణలంక కుర్రాడు | విజయవాడ | మంగళవారం రాత్రి 9:44

అమ్మో. అయితే అమ్మను 😬

బ్రాడీపేట బాబాయ్ | గుంటూరు | బుధవారం ఉదయం 7:20

కిట్టు గారూ, పిల్లలు రాత్రంతా ఆడాక చూస్తే పీఎస్‌పీ వెనక మూత కాస్త పైకి లేచినట్టు ఉంది. ఇది మొదటినుంచే ఉందా, ఇప్పుడే అయిందా తెలియట్లేదు. ఆడొచ్చా?

కేబుల్ కిట్టు | విజయవాడ | బుధవారం ఉదయం 7:48

ఆడకండి, ముందు ఛార్జర్ తీసెయ్యండి. పాత పీఎస్‌పీ బ్యాటరీలు ఇలాగే ఉబ్బుతాయి. మూత తీసి బ్యాటరీ బయటికి తియ్యండి, గట్టిగా నొక్కకండి, గుచ్చకండి, పిల్లలకి అందకుండా పెట్టండి. చెత్తబుట్టలో వెయ్యకుండా, పాత బ్యాటరీలు తీసుకునే షాపులో ఇచ్చెయ్యండి.

ఆట ఆగక్కర్లేదు. బ్యాటరీ లేకుండా కూడా పీఎస్‌పీ దాని 5 వోల్టుల అడాప్టర్ మీద నడుస్తుంది. ఎలాగూ టీవీ దగ్గరే కదా ఆడుతున్నారు. ఆట మధ్యలో ఎవరైనా వైరు తన్నితే మాత్రం ఆరిపోతుంది, సేవ్ చెయ్యని ఆట పోతుంది. మంచం మీంచి కొట్టుకునేవాళ్ళకి ముందే చెప్పండి. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు 1000 మోడల్‌ది కొనకండి, మీది పలచటి 2000, దానికి సన్న బ్యాటరీ వేరే.

బ్రాడీపేట బాబాయ్ | గుంటూరు | బుధవారం ఉదయం 8:05

తీసేశాను. అడాప్టర్ మీద నడుస్తోంది. వైరు మంచం వెనక నుంచి వేయించాను. బ్యాటరీకి శనివారం బెజవాడ వస్తాను.